నాలుగు వైర్ల పికప్‌కు డబ్బు తీసుకుని వేరే రకం పంపినందుకు ఫిర్యాదు

విజయవాడ,
జూన్ 18.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

గత నెల 14వ తేదీన మీ వెబ్‌సైటులో రూ. 11,650 చెల్లించి నా ఎలక్ట్రిక్ గిటారు కోసం మూడు పికప్‌ల (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల) సెట్టు తెప్పించుకున్నాను. అందులో బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరికి ఒక హంబకర్ (రెండు కాయిళ్ల పికప్), మధ్యకూ నెక్ (గిటారు మెడ) దగ్గరికీ రెండు సింగిల్ కాయిళ్లు (ఒకే కాయిల్ ఉన్న పికప్‌లు) ఉండాలి. వచ్చిన సరుకు మీ పేజీలో వర్ణించిన సరుకు కాదు. వాపసు పంపితే, వైర్ల కొసలకు సోల్డర్ అంటి ఉందన్న కారణం చూపి మీరు పార్సిల్‌ను నాకే తిప్పి పంపారు. ఆ తరువాత నేను రెండుసార్లు ఇచ్చిన ఫిర్యాదును ఒక్క ముక్క జవాబైనా రాయకుండా ‘పరిష్కారమైంది’ అని మూసేశారు కనుక, ఈసారి జరిగిందంతా మొదటి నుంచీ రాస్తున్నాను.

ఈ సెట్టునే ఎందుకు ఎంచుకున్నానో ముందుగా చెప్పాలి. పదకొండేళ్లుగా నేను ఆదివారాలు చర్చిలోను, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాతోను గిటారు వాయిస్తున్నాను. పెళ్లి మండపంలో సీరియల్ బల్బులు, ఎల్ఈడీ తెర, మా యాంప్లిఫయర్లు అన్నీ ఒకే జనరేటరు మీద నడుస్తాయి. ఆ వాతావరణంలో సింగిల్ కాయిల్ పికప్, తీగల కదలికతో పాటు 50 హెర్ట్జ్ కరెంటు రొదను కూడా పట్టుకుని స్పీకరుకు చేరవేస్తుంది. గాయని పల్లవి ఎత్తుకునే ముందు ఉండే ఆ ఒక్క క్షణం నిశ్శబ్దంలో నా వైపు నుంచి జుయ్యిమని మోత వస్తుంటే, స్టేజీ మీద ఉన్నవాళ్లందరూ నా వంకే చూస్తారు.

హంబకర్ పుట్టిందే ఈ రొదను అణచడానికి. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆ ఏర్పాటులో, రెండు కాయిళ్లు ఒకదానికొకటి ఎదురు దిశలో పనిచేస్తాయి, వాటి అయస్కాంత ధ్రువాలు కూడా ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. అందువల్ల తీగల సిగ్నల్ రెండు కాయిళ్ల నుంచీ కలిసి వస్తుంది, బయటి నుంచి దూరిన రొద మాత్రం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. మధ్య పికప్‌ను చుట్టులోను, ధ్రువంలోను నెక్ పికప్‌కు తిరగేసి తయారు చేస్తే, ఆ రెండూ కలిసి మోగేటప్పుడు కూడా ఇదే లాభం దక్కుతుంది. ఇక బ్రిడ్జ్ హంబకర్ నుంచి నాలుగు వైర్లు బయటికి వస్తే, దానిలో ఒక కాయిల్‌ను స్విచ్ దగ్గరే ఆపేసి, మిగిలిన కాయిల్‌ను మధ్య పికప్‌తో జత చేయవచ్చు. అలా చేస్తే, ఏ పికప్‌లు మోగాలో ఎంచుకునే అయిదు స్థానాల స్విచ్‌లో పికప్‌లు జతగా మోగే రెండో స్థానం, నాలుగో స్థానం రెండూ రొద లేకుండా మోగుతాయి. నాకు కావలసింది ఇదే. తక్కువ ధరలో పికప్‌లు వేరే చోట దొరుకుతున్నా, దీని కోసమే మీ దగ్గర కొన్నాను.

హంబకర్‌కు నాలుగు వైర్లు ఉన్నాయా, మధ్య పికప్ తిరగేసి తయారు చేసినదేనా అని కొనే ముందు చాట్‌లో మీ ప్రతినిధిని ఈ రెండు విషయాలే అడిగాను. ఆయన మొదట నేను రాక్ వాయిస్తానా, మెటల్ వాయిస్తానా అని అడిగి, ఈ హంబకర్ రెసిస్టెన్స్ (కాయిల్ వైరు కరెంటుకు ఇచ్చే అడ్డు) 13.5 కిలో ఓంలు కాబట్టి పవర్ చాలా ఎక్కువని చెప్పారు. ఓంలు చూసి పికప్ బలాన్ని నిర్ణయించడం, చీరను కాటాలో తూచి నేత ఎలాంటిదో చెప్పడం లాంటిదే. సన్నటి వైరుతో చుడితే తక్కువ చుట్లకే ఓంలు ఎక్కువ చూపిస్తుంది, పైగా అయస్కాంతం ఏ రకమన్నది ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. అయినా నేను వాదించలేదు. చివరికి నా రెండు ప్రశ్నలకూ ఆయన ‘అవును’ అని రాశారు. ఆ సంభాషణ ఫొటోను ఈ లేఖతో జతపరుస్తున్నాను.

పార్సిల్‌ను 21వ తేదీ సాయంత్రం బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి విప్పాను. హంబకర్ నుంచి నాలుగు వైర్లు రావలసిన చోట, మధ్యలో ఒకే ఒక్క వైరు, దాని చుట్టూ జడలా అల్లిన లోహపు తొడుగు ఉన్నాయి. ఇలాంటి దానిలో కాయిళ్లు రెండూ లోపలే కలిపేసి ఉంటాయి కనుక, పికప్‌ను విప్పి లోపలి అతుకులు మారిస్తే తప్ప ఒక కాయిల్‌ను ఆపడం కుదరదు. మల్టీమీటరు పెట్టి చూస్తే 8.2 కిలో ఓంలు చూపించింది. గదిలో ఆ రోజు ఉన్న వేడికి రాగి రెసిస్టెన్స్ కాస్త పెరగాలే గాని తగ్గదు. కాబట్టి ఇది కొలతలో వచ్చిన తేడా కాదు, వేరే మోడల్. 8.2 అంటే నాసిరకమని నేను అనడం లేదు. 1950ల నాటి హంబకర్లు దాదాపు అంతే ఉండేవి, వాటిని ఇష్టపడేవారు ఇప్పటికీ ఉన్నారు. నేను డబ్బిచ్చింది దానికి కాదు, అంతే. మొదటి పోల్ (ఒక్కో తీగ కింద ఉండే లోహపు మొన) నుంచి ఆరో పోల్‌కు దూరం కూడా మీరు రాసిన 52 మిల్లీమీటర్లు కాక 49 మాత్రమే ఉంది.

ఆ తరువాత మా అమ్మాయి సైన్సు కిట్టులోని దిక్సూచి తెచ్చి సింగిల్ కాయిళ్లను చూశాను. నెక్ పికప్ మీద పెడితే ముల్లు ఎర్ర కొస పోల్ వైపుకు లాగింది. మధ్య పికప్ మీద పెట్టినా అదే ఎర్ర కొస లాగింది. రెండింటి ధ్రువాలూ ఒకటేనన్నమాట. ఈ రెండింటినీ కలిపి మోగిస్తే, చుట్టు (వైరు చుట్టిన దిశ) కూడా ఒకటే అయితే రొద పోదు. చుట్టు వేరైతే రొద పోతుంది గాని, తీగల నాదం కూడా పలచబడి పీలగా వస్తుంది. ఎటు చూసినా నేను కోరిన సెట్టు కాదు.

ఇక సోల్డర్ సంగతి. వైర్ల కొసలు చీలిపోకుండా తయారీదారులే వాటికి తగరం పూత వేసి పంపడం ఈ సరుకులో మామూలే. పెట్టె విప్పుతూ నేను తీసిన ఫొటోలలో ఆ పూత మూడు పికప్‌ల మీదా ఒకే పొడవున, నున్నగా కనిపిస్తుంది. ఒకసారి స్విచ్‌కు అతికించి తీసిన వైరు కొస వంగి ఉంటుంది, దాని మీద తగరం గడ్డకట్టి ఉంటుంది, పక్కన ఫ్లక్స్ (అతికేటప్పుడు వాడే రసాయనం) మరక కూడా మిగులుతుంది. అవేవీ వీటి మీద లేవు. నా గిటారులో పాత పికప్‌లే ఇంకా ఉన్నాయి, కావాలంటే దానిని కూడా విప్పి ఫొటో పంపగలను. బిగించి వాయించాక సౌండు నచ్చలేదని వాపసు అడిగేవారిని మీరు కాదంటే నాకు అభ్యంతరం లేదు. నేను వీటిని అసలు వినలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. కనుక నాలుగు వైర్ల హంబకర్‌ను, తిరగేసిన మధ్య పికప్‌ను మీ ఖర్చుతో పంపి వీటిని తీసుకువెళ్లండి. ఆ సరుకు మీ దగ్గర లేకపోతే రూ. 11,650తో పాటు నేను కొరియరుకు కట్టిన రూ. 340 కూడా తిరిగి చెల్లించండి. మరో మోడల్ అంటగట్టి తేడా సొమ్మును కూపన్ రూపంలో ఇస్తామంటే అంగీకరించను. గడువు లోపల జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

మీరు తిప్పి పంపిన పెట్టెను మీ టేపు కూడా ఊడదీయకుండా అలాగే ఉంచాను. మీ కొరియర్ ఏ రోజు వచ్చినా అప్పగిస్తాను, ఆదివారం ఉదయం మాత్రం ఇంట్లో ఉండను.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరచినవి: బిల్లు, చాట్ ఫొటో, పెట్టె విప్పినప్పటి ఫొటోలు, మల్టీమీటరు, దిక్సూచి ఫొటోలు.