సూదికి కాదు, గడియారానికి భయపడు

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అందింది. ప్రోస్టేటు ఆపరేషను తరువాత అంగస్తంభన కోసం ఇచ్చిన మాత్రలు పనిచేయడం లేదనీ, డాక్టరు గారు అంగానికే వేసుకునే ఇంజెక్షను మాట ఎత్తగానే నీకు చెమటలు పట్టాయనీ రాశావు. షుగరు పుణ్యమా అని నేను రెండేళ్లుగా అదే వాడుతున్నాను కనుక, నీ దగ్గర సిగ్గు దేనికని వివరంగా రాస్తున్నాను.

మాత్ర పనిచేయాలంటే నరాల నుంచి సంకేతం అందాలి. ఆపరేషనులో ఆ నరాలు బాగా దెబ్బతింటే మాత్ర అంతగా పనిచేయదు. ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షను మాత్రం నరాలతో నిమిత్తం లేకుండా అంగంలోని మెత్తని కండరాన్ని నేరుగా సడలించి రక్తం నిండేలా చేస్తుంది కాబట్టి, ఐదు నుంచి ఇరవై నిమిషాలలో స్తంభన కలుగుతుంది. అయితే అది కోరికను పుట్టించదు. 1983లో బ్రిండ్లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇలాంటి మందునే తనకు తాను పొడుచుకుని, లాస్ వేగాస్‌లో వైద్యుల సభకు వచ్చి ఫలితాన్ని అందరి ముందూ చూపించాడట! మనకు అంత ధైర్యం అక్కరలేదు.

నొప్పి గురించి అడిగావు. సూది ఇన్సులిన్ సూదిలా సన్ననిది. 1996లో వెలువడిన ఒక పరిశీలనలో ఇంటివద్ద వాడిన 683 మందిలో సగం మందికి ఎప్పుడో ఒకసారి నొప్పి కలిగినా, మొత్తం ఇంజెక్షన్లలో నొప్పి కలిగినవి 11 శాతమే. నాకు రెండుసార్లు చర్మం కమిలింది, అంతే. ఒకే చోట పదేపదే పొడిస్తే లోపల గట్టిపడి అంగం వంకర తిరగవచ్చు కనుక, ఒకసారి కుడి పక్క, ఇంకోసారి ఎడమ పక్క వేసుకోవాలి. వారానికి మూడు మించకూడదు, రెండింటి మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి.

అసలు భయం వేరే ఉంది. నిరుడు తెలివితక్కువగా మోతాదు నేనే కొంచెం పెంచుకుంటే మూడు గంటలైనా స్తంభన దిగలేదు. మా ఆవిడ గోడ గడియారం వంకా నా వంకా చూస్తూ కూర్చుంది. నాలుగు గంటలు దాటితే లోపలి కండరం శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. నాది ఎలాగో దిగింది కానీ, ఆ తరువాత డాక్టరు నిర్ణయించిన గీత దాటలేదు.

తొలి మోతాదు ఆసుపత్రిలోనే, డాక్టరు గారి ఎదుటే వేయించుకో. రక్తం పలచబడడానికి నీవు వాడే మాత్రల చీటీ తప్పక తీసుకెళ్లు. చెల్లెమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లు, రక్తం ఆగడానికి సూది పొడిచిన చోట ఎంతసేపు ఒత్తిపట్టాలో ఆమె కూడా చూసి నేర్చుకుంటుంది.

నీ మిత్రుడు,
మూర్తి