కాఫీ మొక్క పెంచుతానన్న శీనుకి

విశాఖపట్నం,
కార్తీక మాసం.

ఒరేయ్ శీనూ,

ఇంట్లో గింజ నుంచి కాఫీ మొక్క ఎలా పెంచాలని మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగమే చెప్పాను. ఆ సగం కూడా నీ చెవికి ఎక్కలేదని తెలుసు, వెనకాల టీవీలో క్రికెట్ మోగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. రేపు ఆ మొక్కకి నీళ్లు పోసేది తనేనని నాకు బాగా తెలుసు.

రాజమండ్రిలో, కడియం పక్కనే ఉండి గింజ నుంచి పెంచడం ఏమిటి, నర్సరీకి వెళ్తే మొక్కే దొరుకుతుంది కదా అన్నాడట మీ బావమరిది. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మొక్క కొంటే ఏడాది కలిసొస్తుంది. కానీ కాఫీలో ముఖ్యమైనవి రెండు రకాలు, అది అరబికానో రోబస్టానో అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు. మనకి ఆ సంగతి తెలియాలి. రోబస్టా వేడికి కాస్త తట్టుకుంటుంది, కానీ దాని పుప్పొడి దానికే పనికిరాదు, పక్కన ఇంకో రోబస్టా మొక్క ఉంటేనే కాయ పడుతుంది. అరబికాకి ఆ గొడవ లేదు, ఇంట్లో ఒక్క కుండీ ఉన్నా కాస్తుంది. పైగా నాకు దగ్గర్లో దొరికేది అరకు గింజ, అదంతా అరబికానే. నువ్వు పెంచబోయేది కూడా అదే.

అరకు అంటే మా విశాఖ సొత్తు అన్నట్టు మాట్లాడతానని నువ్వు ఎప్పుడూ ఎద్దేవా చేస్తావుగా. అయితే విను. మన మన్యంలో కాఫీ మొదట వేసింది మీ వైపే. 1898లో బ్రోడీ అనే దొర మారేడుమిల్లి అడవుల దగ్గర పాములేరు లోయలో నాటించాడు. ఆ తర్వాతే ఇటు గూడెం, చింతపల్లి, పాడేరు, అరకు వైపు పాకింది. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) మాత్రం 2019లో అరకు పేరు మీద వచ్చింది. గోదావరి వాళ్లు మొదలుపెట్టి వదిలేసిన పనుల జాబితాలో ఇదొకటి కలుపుకో.

ఇక గింజ. సూపర్ బజార్‌లో పచ్చి కాఫీ గింజలు దొరుకుతున్నాయని నువ్వు సంబరపడ్డావు. వాటిని పాతితే నీకు మిగిలేది కుండీలో మట్టే. కాఫీ విత్తనానికి ఓపిక తక్కువ. కోసిన రెండు మూడు నెలలు దాటితే మొలకెత్తే శక్తి బాగా పడిపోతుంది. బజారు గింజ ఎప్పుడు ఎండిందో, ఏ గోడౌన్‌లో ఎన్నాళ్లు పడుందో ఎవడికి తెలుసు? చెట్టు మీద పండిన పండు నుంచి తీసిందే కావాలి. మన్యంలో నవంబరు నుంచి జనవరి దాకా కోతలు కాబట్టి, అడగాల్సిన టైమ్‌లోనే అడిగావు.

పళ్లు పంపకుండా గింజలే పంపిస్తాను. 2025లో అరకు వైపు కాయతొలుచు పురుగు బయటపడింది. పురుగు ఉన్న పళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లడం మంచిది కాదు. బాగా ఎర్రబడ్డ పళ్లు ఏరి నీళ్లలో వేస్తాను. తేలినవి పనికిరావు, మునిగినవే విత్తనం. పండుని రెండు వేళ్ల మధ్య నొక్కితే జిగురుతో జారి రెండు గింజలు బయటికి వస్తాయి. ఒక్కోసారి ఒకటే గుండ్రటి గింజ ఉంటుంది, దాన్ని పీబెర్రీ అంటారు. కాఫీ తాగడానికి దాన్ని పనిగట్టుకుని కొనేవాళ్లున్నారు, విత్తనానికి మాత్రం వాడరు. కడిగిన గింజలకి జల్లించిన కట్టెల బూడిద పట్టించి, పైతడి ఆరేదాకా మాత్రం నీడన ఆరబెడతాను. మా ఆవిడ ఇప్పటికే సణుగుతోంది, గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో కట్టెల బూడిద ఎక్కడిదని. సందు చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడగాలి, ఆయనది బొగ్గుల పెట్టె అనుకో, కానీ వాళ్లింట్లో ఇంకా కట్టెల పొయ్యే.

గింజలు అందిన రోజే వేసెయ్. తర్వాత చూద్దాం అనుకుని ఫ్రిజ్ మీద పెట్టకు. నీళ్లు నిలవని వెడల్పాటి తొట్టి తీసుకుని సగం ఎర్రమట్టి, సగం ఇసక కలుపు. గింజకి ఒకవైపు చదునుగా, మధ్యలో గీతలా ఉంటుంది చూడు, ఆ వైపు కిందకి ఉండాలి. ఒక సెంటీమీటరు లోతు చాలు. పైన పల్చగా గడ్డి కప్పి, తడి ఆరకుండా చూసుకో. బురద మాత్రం కాకూడదు. ఆ తర్వాత నెలన్నర దాకా ఏమీ కనపడదు. చలికాలం కాబట్టి రెండు నెలలు పట్టినా కంగారుపడకు. రోజూ తవ్వి చూశావంటే మాత్రం నా గింజలు నాకు వెనక్కి పంపెయ్!

మొలక వచ్చేటప్పుడు మాత్రం దగ్గర కూర్చుని చూడాల్సిందే. ముందు మట్టిలోంచి మెడ వంచుకున్న కాడ ఒక్కటే పైకి వస్తుంది, తల ఇంకా లోపలే ఉంటుంది. అది మెల్లగా నిటారు అవుతూ గింజని నెత్తిన పెట్టుకుని లేస్తుంది. తోటల్లో దీన్ని టోపీ దశ అంటారు. ఆ గింజ మీద గట్టి తోలు ఉంటుంది, పార్చ్‌మెంట్. అది రోజుల తరబడి ఊడదు. సాయం చేద్దామని గిల్లితే లోపలి ఆకులు చినుగుతాయి. పొద్దున్నా సాయంత్రం కాస్త నీళ్లు చిలకరిస్తే అదే మెత్తబడి రాలిపోతుంది. అప్పుడు విచ్చుకునే మొదటి జత ఆకులు గుండ్రంగా, అంచులు ముడతలు పడి ఉంటాయి. అవి చూసి నేనేదో కలుపు మొక్క గింజలు పంపానని ఫోన్ చెయ్యకు. కోలగా, నిగనిగలాడే అసలు కాఫీ ఆకులు ఆ తర్వాత జతలు జతలుగా వస్తాయి.

టోపీ దశలో ఉండగానే నర్సరీ కవర్లలోకి మార్చెయ్యాలి. వేరు అప్పుడు చిన్నది, తిన్నగా ఉంటుంది. వంకర పోతే జన్మంతా వంకరే. కాఫీ బోర్డు వాళ్లు చెప్పే పాళ్లు ఆరు వంతులు అడవి మట్టి, రెండు వంతులు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక వంతు ఇసక. అడవి మట్టి నీకెక్కడ దొరుకుతుంది, ఎర్రమట్టిలో ఆకులు కుళ్లిన ఎరువు కలిపితే సరిపోతుంది. జిగట నల్లమట్టి మాత్రం వద్దు. మొక్క జానెడు ఎత్తు దాటాక కుండీ, తర్వాత పెద్ద కుండీ. తాగేసిన కాఫీ పిప్పి తెచ్చి మొదట్లో పోసేవాళ్లున్నారు, మావిడి చెట్టుకి మావిడి టెంక ఎరువు అన్నట్టు! అది పైన అట్టలా గట్టిపడి నీళ్లు దిగనివ్వదు. కంపోస్టులో కలిపి కుళ్లాకే వెయ్యి.

ఇక నీకు నిజంగా టెన్షన్ పెట్టేది రాజమండ్రి ఎండ. అరబికా పుట్టిల్లు ఇథియోపియా కొండల అడవి, పెద్ద చెట్ల కింద పెరిగిన జాతి. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, అయినా అక్కడ కూడా సిల్వర్ ఓక్ చెట్ల నీడనే పెంచుతారు. ఆ చెట్లకి మిరియాల పాదులు ఎక్కిస్తారు, రైతుకి రెండు పంటలు. అంత చల్లటి చోటే నీడ కావాలంటే, మే నెలలో మీ డాబా మీద దాని గతి ఏమిటి? డాబా ఆలోచన మానెయ్. మీ తూర్పు వరండాలో పొద్దుటెండ ఎనిమిది, తొమ్మిది దాకా తగిలే చోటు ఉందిగా, అక్కడ పెట్టు. వేసవిలో షేడ్ నెట్ కట్టు, పక్కన అరటి, పసుపు లాంటి నాలుగు కుండీలు గుంపుగా ఉంటే గాలిలో తేమ నిలుస్తుంది. ఆకు అంచులు మాడి గోధుమరంగుకి వస్తే ఎండ ఎక్కువైందని. కొత్త ఆకులు పసుపు రంగులో, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నీళ్లలో తేడా ఉందని. బోరు నీళ్ల ఉప్పు దీనికి పడదు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మరీ ఘోరం, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకో, లేదంటే ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి పొయ్యి.

పురుగుల సంగతి పెద్దగా చెప్పను. ఇంట్లో ఎక్కువగా వచ్చేది పిండినల్లి. చీమలు బారులు కట్టాయంటే అది వచ్చినట్టే. నీళ్లలో కొంచెం వేప నూనె, చుక్క సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టు. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు, ఆ ఆకులు తుంచి దూరంగా పారెయ్. చిన్న పొడేగా అనుకోకు. 1869లో సిలోన్‌లో మొదలైన ఆ తెగులే అక్కడి కాఫీ తోటలన్నీ తుడిచిపెట్టి, వాళ్లని టీ వైపు మళ్లించింది.

రెండున్నర, మూడు అడుగుల ఎత్తు రాగానే తల తుంచెయ్. చెల్లెమ్మ ప్రాణం ఒప్పుకోదు, నువ్వే చెయ్యి. కాయలు కాసేది పక్క కొమ్మలే, తల తుంచితే బలం వాటికి పోతుంది. కాండం నుంచి నిటారుగా లేచే పిలకలు ఎప్పటికప్పుడు గిల్లేస్తూ ఉండు.

పూత మూడో ఏడో నాలుగో ఏడో వస్తుంది. దానికో కిటుకు ఉంది. మన్యంలో శీతాకాలం చివర చెట్టు ఎండుతుంది, మొగ్గలు ఆకుల మొదళ్లలో బిగుసుకుని కూర్చుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడిందా, వారం పది రోజుల్లో అన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి. కుండీలో ఆ వాన నువ్వే కురిపించాలి. ఫిబ్రవరిలో నీళ్లు బాగా తగ్గించి, ఆకులు కాస్త వాలే దాకా ఆగి, తర్వాత ఒకరోజు తలమీంచి ధారాళంగా పొయ్యి. మా పెరట్లో అవి పూసినప్పుడు పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి మల్లెలు ఎక్కడివి అని అడిగారు. వాసన అచ్చం అలాగే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. మే ఎండలు ముందే ముదిరితే మాత్రం మొగ్గలు విచ్చుకోకుండా ఆకుపచ్చ నక్షత్రాల్లా మాడిపోవచ్చు. ఆ ఏడాదికి అంతే.

పూసింది పండడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. అన్నీ ఒక్కసారి పండవు, ఎర్రబడ్డవి ఎర్రబడ్డట్టు కొయ్యాలి. పిగిలిపిట్టలు నీకంటే ముందు లేస్తాయి, దోమతెర గుడ్డ ముక్కైనా కప్పు. పండు చప్పరించి చూడు, పల్చటి గుజ్జు తియ్యగానే ఉంటుంది. కోసిన రోజే తొక్క నొక్కి తీసేసి, గింజల్ని గిన్నెడు నీళ్లలో ఒక రోజో, రోజున్నరో నానబెడితే జిగురు పులిసి వదులుతుంది. చేత్తో రుద్దితే గరగరమనాలి, జారుతుంటే ఇంకా కాలేదన్నమాట. కడిగి చాప మీద ఎండబెట్టు, వారం పైనే పడుతుంది. గోరు దిగనంత గట్టిపడ్డాక రోట్లో మెల్లగా దంచి, చేటలో చెరిగితే తోలు పోతుంది.

వేయించడానికి ఇనప మూకుడు చాలు. కిటికీలు తెరిచి మొదలుపెట్టు, పొగ వస్తుంది. మధ్యస్తం మంట, చెయ్యి ఆపకూడదు. మొదట పచ్చిగడ్డి వాసన, గింజ పసుపు రంగుకి వస్తుంది. తర్వాత గోధుమరంగు, అప్పుడు పేలాల్లా చిటచిటమంటాయి. ఆ చప్పుడు ఆగాక ఒకటి రెండు నిమిషాలు ఉంచి పళ్లెంలో పోసి విసురు. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే నల్లబడతాయి. ఒక రాత్రి ఊరుకుని మర్నాడు పొడి కొట్టు.

ఇక లెక్క చూడు, నువ్వు బ్యాంకు వాడివి కాబట్టి. సుమారు ఆరు కిలోల పళ్లకి ఒక కిలో గింజ. అంటే నీ మొక్క అరకిలో పళ్లు ఇచ్చిందనుకో, ఎనభై గ్రాముల పైచిలుకు గింజ, వేయించాక డెబ్బై గ్రాములు. మీ ఇంట్లో రెండు రోజులకి రాదు. ఏడాది పంటతో పండగ రోజు ఒక డికాషన్ దిగితే గొప్ప. కాఫీ పొడి ఖర్చు తగ్గించుకుందామని అయితే ఇప్పుడే మానుకో. వరండాలో నిగనిగలాడే చెట్టొకటి ఉండాలనుకుంటే మాత్రం దీన్ని మించింది లేదు. పైగా చికోరీ లేని అరబికా నీ నోటికి పల్చగా, పుల్లగా తగులుతుంది. నువ్వు మొహం చిట్లిస్తావని ముందే చెబుతున్నాను. మొదటి సారి పాలు పంచదార లేకుండా ఒక్క గుక్క తాగు, తర్వాత నీ ఇష్టం.

గింజలు తడి గుడ్డలో చుట్టి కొరియర్‌లో పంపిస్తాను, ఎండిపోకుండా. ఈలోగా తొట్టి, ఇసక సిద్ధం చేసి పెట్టు. ఇరవై గింజలు వస్తాయి, పది మీకు, పది మీ బావమరిదికి. ఆయన వేసినవే ముందు మొలిస్తే నన్ను అడగకు. బదులుగా ఆత్రేయపురం పూతరేకులు పంపు, బెల్లంవే, పంచదారవి కాదు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లలకి ఆశీస్సులు.

నీ,
రమణ