కృష్ణమ్మ చివరి పాయలకూ నీటి వాటా రాయండి: జలవనరుల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలతో,

కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమలో, కాలువ చివరి నీటి మీద ఆధారపడే శివారు ఆయకట్టు రైతుల్లో ఒకడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. అర్జీలు ఇచ్చాం సార్. స్పందన కోసం పెట్టిన చోటల్లా ఇచ్చాం, పర్యటనకొచ్చిన పెద్దల చేతికిచ్చాం, కాలువ గట్టు మీద కార్లు ఆపి మరీ ఇచ్చాం. పరిశీలిస్తామన్న మాట తప్ప మరో జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది. మీ మీద కోపంతో కాదు, ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియక.

ఏ ప్రాజెక్టు కింద ఎంత నీరు, ఎవరి వాటా ఎంత అన్నది మీకు మేం చెప్పక్కర్లేదు. మా గోడు ఒక్కటే. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ గేట్లు దించేశాక కింద నదికి ఏం మిగులుతోంది? బ్యారేజీ నుంచి సముద్రంలో కలిసే మొగ దాకా ఉన్నదీ కృష్ణే కదా. ఆ కృష్ణకు మీ లెక్కల్లో ఒక గడి ఉందా?

ఏటా వరదల్లో ఒకే ప్రకటన వింటాం. ఇన్ని టీఎంసీలు (ఒక్కోటి వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) సముద్రం పాలయ్యాయి, వచ్చే ఏడాది ఒక్క చుక్క కూడా పోనివ్వం అని. అది విన్నప్పుడల్లా మాకు గుండెల్లో రాయి పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల, వరద వచ్చింది. ఆ ప్రవాహం ఒక రోజు పొడుగునా అలాగే నిలిస్తే దాదాపు 99 టీఎంసీలు. లంకలు మునిగాయి, చేలు మునిగాయి. ఆ నష్టం ఎవరూ కాదనరు. కానీ ఆ నాలుగు రోజుల వరద చూపించి నదికి ఏడాదికి సరిపడా నీళ్లిచ్చినట్టు లెక్క కడితే ఎలా? దానికి ముందు ఏడాది, 2023లో, ఎగువన వానల్లేక శ్రీశైలానికి సరైన వరదే రాలేదు. అప్పుడు బ్యారేజీ కింద నది ఎలా ఉందో ఎవరైనా వచ్చి చూశారా? ఇసుక మేటలు, మధ్యలో మడుగులు. కింది నుంచి మాత్రం రోజుకు రెండుసార్లు తప్పకుండా నీరొచ్చేది. అది సముద్రపు పోటు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పనివ్వండి. మా కష్టమంతా ఇందులోనే ఉంది. వెయ్యి లీటర్ల మంచినీళ్లు వెయ్యి కిలోలు తూగితే, వెయ్యి లీటర్ల సముద్రపు నీళ్లు దాదాపు 1,025 కిలోలు తూగుతాయి. ఆ పాతిక కిలోల తేడా మీదే మా ఊళ్లు బతుకుతున్నాయి. బరువైన ఉప్పునీరు అడుగున ఉంటుంది, తేలికైన మంచినీరు దాని మీద తేలుతుంది. నదిలో పైనుంచి ప్రవాహం ఉన్నంతసేపు పోటును కిందికి నెడుతూ ఉంటుంది. ప్రవాహం ఆగితే ఉప్పునీరు నది అడుగు పట్టుకుని పైకి పాకుతుంది. పైన చెంబు ముంచితే చప్పగానే ఉంటుంది, మోటారు ఫుట్‌వాల్వ్ ఉన్న లోతులో మాత్రం ఉప్పు. నీళ్లు బాగానే ఉన్నాయి కదా అని గట్టు మీద నుంచి చూసి వెళ్లిపోయిన వాళ్లను మేం చాలామందిని చూశాం.

భూమిలోనూ ఇదే తీరు. ఇసుక పొరల్లో మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, అది కింద సుమారు నలభై అడుగుల దాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుంది. మీ భూగర్భ జల నిపుణులకు ఇది పాఠం మొదట్లో చెప్పే లెక్క. తిరగేసి చూడండి. నదిలో, కాలువల్లో నీరు లేక పైన మట్టం ఒక్క అడుగు పడిపోతే, కింద ఉప్పు మెల్లమెల్లగా నలభై అడుగులు పైకి రావచ్చు. మీ కాగితాల్లో భూగర్భ జలం ఒక్క అడుగు తగ్గిందంటే పెద్దగా పట్టించుకునే సంగతిలా కనిపించదు. మాకు ఆ అడుగే అన్నీ.

ఫిల్టర్ పాయింట్ దగ్గర, అంటే ఇసుక పొరలోకి దింపిన మా తక్కువ లోతు బోరు దగ్గర, మోటారు వేసి చూడండి. మొదట వచ్చే నీరు నోట్లో పోసుకోవచ్చు. కొంతసేపు తోడేసరికి రుచి మారిపోతుంది. మోటారు లాగుడుకు పై పొర పల్చబడి, కింది ఉప్పు కుప్పలా పైకి లేచి పైపులోకి వస్తుంది. ఆ నీరు పెట్టిన మడిలో నారు ఆకుల కొసలు ముందు ఎర్రబడతాయి, తర్వాత కాలినట్టు ముడుచుకుంటాయి. మడి ఆరాక గట్ల వెంబడి తెల్లగా పొక్కు కడుతుంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పే. గేదెలు తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరుగుతాయి. నాట్లేసి పొట్ట దశకొచ్చాక కాలువకు వంతు తప్పితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేం. బోరు నీళ్లు పెడితే చేను పోతుంది, పెట్టకపోయినా పోతుంది.

మీ ఇంజినీర్లు ఏమంటారో తెలుసు. అక్కడి భూమిలో ఎప్పటిదో పాత సముద్రపు ఉప్పు కూడా ఉందంటారు. ఉంది, కాదనం. రొయ్యల చెరువులకు ఉప్పునీరు ఎక్కించడం వల్ల పక్క చేలు పాడయ్యాయంటారు. అదీ నిజమే, ఆ గొడవ మా ఊళ్లలో మేమే పడుతున్నాం. అయితే వరి పండక చెరువు తవ్వినవాళ్లు ఎంతమందో కూడా అడగండి. పాత ఉప్పైనా కొత్త ఉప్పైనా దాన్ని కింద నొక్కి ఉంచగలిగేది పైనుంచి వచ్చే మంచినీరొక్కటే.

నీరు ఆగితే దానితో వచ్చే మట్టీ ఆగింది. ఈ డెల్టా అంతా కృష్ణమ్మ వేల ఏళ్లు మోసుకొచ్చి పోసిన ఒండ్రే కదా. ఇప్పుడు ఆ ఒండ్రు చాలావరకు శ్రీశైలం, సాగర్ లాంటి జలాశయాల అడుగున పేరుకుంటోంది. కొత్త మట్టి పడని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది. అలలు తీరాన్ని కోసుకుపోతుంటే ఆ గండి పూడ్చడానికి నది దగ్గర సరుకు లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మా పెద్దలు ఇంకా మరిచిపోలేదు. ఆనాడు సముద్రానికి అడ్డం నిలవాల్సిన నేల ఎంత విలువైనదో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మడ అడవులదీ ఇదే సంగతి. మడ చెట్టు ఉప్పులో పెరుగుతుందని, దానికి ఉప్పు మాత్రమే చాలనుకుంటారు. మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట్లే అది గుబురుగా ఎదుగుతుంది. చేపపిల్ల, రొయ్యపిల్ల అక్కడే పెరిగి సముద్రానికి పోతాయి. మా పక్క వలల మీద బతికే కుటుంబాల గోడు వాళ్లు రాస్తే ఇంతకు రెట్టింపు ఉంటుంది.

సముద్రానికి నది నీరు అక్కర్లేదా సార్? గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు బంగాళాఖాతం మీద ఒక తేలికపాటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కింది చల్లటి నీటితో తేలిగ్గా కలవదు, అందుకే పైనీరు వెచ్చగా ఉంటుంది, మేఘాలు పట్టడానికి అదొక ఆసరా. అందులో మన కృష్ణ వాటా చిన్నదే. అయినా అల్పపీడనం ఎప్పుడొస్తుందా అని ఆకాశం వైపు చూసే మనం, వాన ఇచ్చే సముద్రానికి నది చేర్చే నీటిని నష్టాల పద్దులో రాయడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

కృష్ణా నీటి పంపకానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలు పంచినప్పుడు అప్పటి మూడు రాష్ట్రాలూ గట్టిగా వాదించుకున్నాయి. మొగ తరఫున వాదించడానికి ఎవరూ లేరు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ మిగులు అన్న పేరుతో కొత్త పథకం గీసింది. గోదావరి నుంచి ఎత్తిపోసే పట్టిసీమ నీళ్లు మా కాలువలకు మేలు చేశాయి, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాం. కానీ ఆ నీళ్లు కాలువల్లోకి పోయాయి తప్ప బ్యారేజీ దాటి నదిలోకి రాలేదు. దిగువన ఇంకో రెండు బ్యారేజీలు కడితే ఉప్పు ఆగుతుందన్నారు. కట్టిన చోటికి పైన ఆగవచ్చు. కింద మిగిలిన మా సంగతో? దిగువకు వదిలే నీరు ముందు రాసిపెట్టకుండా కట్టే ఏ గోడైనా మమ్మల్ని ఉప్పు వైపే నెడుతుంది.

మేం అడిగేది మరీ పెద్దదా? ఉదాహరణకు వరదల్లేని ఆరు నెలలూ బ్యారేజీ కింద నదిలోకి వెయ్యి క్యూసెక్కులు వదిలితే మొత్తం పదిహేనున్నర టీఎంసీలు. బ్యారేజీకి ఎగువనున్న పులిచింతల జలాశయం నిండితే 45.77 టీఎంసీలు, అందులో మూడో వంతు. వెయ్యే చాలని నేననడం లేదు, ఎంత కావాలో కొలిచి తేల్చాల్సింది మీ శాఖ. కానీ సున్నా మాత్రం సమాధానం కాదు. కరువు ఏడాది అందరితో పాటు మాకూ కోత పెట్టండి, భరిస్తాం. అసలు పద్దులోనే లేకపోతే కోత ఎక్కడ పెడతారు?

కాబట్టి మరోసారి వేడుకుంటున్నాం. బ్యారేజీ దిగువ నదికి కనీస ప్రవాహం ఇంత అని జీవో ఇవ్వండి. మురుగు కాలువలు సముద్రంలో కలిసేచోట స్లూయిస్ తలుపులు తుప్పు పట్టి, పోటుకు నీరు చేలల్లోకి తన్నుకొస్తోంది. వాటిని ఈ వేసవిలోనే మార్చండి. కరకట్టలు ఎత్తు చేసే పని ఎక్కడ ఆగిందో చెప్పండి. మీ శాఖ రోజూ జలాశయాల మట్టాలు ప్రకటిస్తుంది కదా, వాటి పక్కనే బ్యారేజీ దాటి నదిలోకి ఎంత వదిలారో, పులిగడ్డ, నాగాయలంక దగ్గర నీటిలో ఉప్పు ఎంతుందో కూడా వేయించండి. ఒకసారి ఎండాకాలంలో, పోటు వేళకు మీరే రండి సార్. సభ వద్దు, దండలు వద్దు. మా మోటారు వేసి, మొదట ఒక గ్లాసు, తర్వాత ఒక గ్లాసు పట్టి ఇస్తాం, రెండూ మీరే రుచి చూడండి.

ఇట్లు,
దివిసీమ శివారు రైతు