అధ్యక్షుడు మారాడు, అప్పు పత్రం మారలేదు

సంపాదకులకు,

2022 జూలై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లిన ఫొటోలు మన పత్రికలన్నింటిలో మొదటి పేజీకెక్కాయి. శ్రీలంక అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి పారిపోవడానికి దారితీసిన అప్పు ఎవరిచ్చారు, ఏ దేశపు చట్టం కింద రాసుకున్నారు, చివరికి ఎవరి జేబులోంచి తీరింది అన్నవి మాత్రం వాణిజ్యం పేజీలో ఓ మూలకు పోయాయి. 2024 జూన్ 25న కెన్యా రాజధాని నైరోబీలో ఆందోళనకారులు పార్లమెంటులోకి వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. తిరుగుబాటును రాజకీయ వార్తగా, బాండ్లను (దేశాలు మార్కెట్లో అమ్మే అప్పు పత్రాలను) వ్యాపార వార్తగా విడదీయడం పాఠకుడికి అన్యాయం. రెండూ ఒకే వార్త.

ముందుగా బాగా పాతుకుపోయిన ఒక అపోహ. శ్రీలంకను చైనా అప్పుల ఉచ్చు ముంచిందని టీవీ చర్చల్లో ఇప్పటికీ చెబుతున్నారు. శ్రీలంక విదేశీ అప్పులో చైనా వాటా, అక్కడి ప్రభుత్వ బ్యాంకులిచ్చినవన్నీ కలిపినా, సుమారు ఐదో వంతు. అంతకంటే పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లది. 2007లో 50 కోట్ల డాలర్లతో మొదలైన ఈ బాండ్లు, దేశం చేతులెత్తేసే నాటికి సుమారు 1,250 కోట్ల డాలర్లకు చేరాయి. ప్రపంచ బ్యాంకు, జపాన్ లాంటి చోట్ల తెచ్చిన పాత అప్పుకు వడ్డీ తక్కువ, గడువు పాతికేళ్లూ ముప్పై ఏళ్లూ. బాండ్లకు వడ్డీ ఎక్కువ, చాలావాటికి గడువు ఐదేళ్లో పదేళ్లో. పైగా అసలు మొత్తం ఒకే రోజున కట్టాలి. కొత్త బాండు అమ్మి పాతది తీర్చడమే పద్ధతి కాబట్టి, అమ్మకం ఆగిన రోజే దేశం ఆగిపోతుంది. ఇక హంబన్‌తోట రేవును 2017లో 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకివ్వగా వచ్చిన 112 కోట్ల డాలర్లు చైనా అప్పు తీర్చడానికి వెళ్లలేదు. విదేశీ మారక నిల్వల్లో చేరాయి. అప్పటికే బాండ్ల వాయిదాలు మెడ మీదికి వచ్చి, డాలర్లు అవసరమయ్యాయి.

2019 డిసెంబరులో రాజపక్స ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. ఆదాయపు పన్నులూ కోసింది. లాభపడింది ఉన్నవాళ్లు. ఖజానా ఖాళీ అయింది, రేటింగ్ సంస్థలు గ్రేడు దించాయి, కొత్త బాండు కొనేవాడు లేకుండా పోయాడు. తర్వాత కోవిడ్‌తో పర్యాటకం పోయింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించడంతో వరి, తేయాకు దిగుబడి పడిపోయింది. అయినా 2022 జనవరి 18న గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండును అణాపైసలతో చెల్లించారు. ఆపండి, ఆ డాలర్లతో మందులూ ఇంధనమూ తెప్పించండి అని ఆర్థికవేత్తలు ముందే హెచ్చరించారు. వినలేదు. ఏప్రిల్ 12న విదేశీ అప్పు చెల్లింపులు నిలిపేస్తున్నట్టు ప్రకటించేసరికి వాడుకోగల డాలర్లు దాదాపు అడుగంటాయి. జనవరిలో బాండుదారులకు వెళ్లిన డబ్బుకూ, ఆ తర్వాత పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి సాగిన వరసలకూ ఉన్న లంకె అప్పట్లో ఎంతమంది రాశారు?

ఆ సెప్టెంబరుకు కొలంబోలో ద్రవ్యోల్బణం 69.8 శాతం, ఆహారానిది 94.9 శాతం. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2021లో 13 శాతమున్న పేదరికం మరుసటి ఏడాదికి 25 శాతమైంది.

చెల్లింపులు ఆపాక ఏం జరుగుతుంది? ఇక్కడే అసలు రాజకీయం ఉంది. వరుస ఇదీ. మొదట అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అధికారులతో ప్రాథమిక ఒప్పందం (శ్రీలంకకు 2022 సెప్టెంబరు 1). ఆ తర్వాత అప్పిచ్చిన దేశాలు ఉపశమనం ఇస్తామని లేఖలివ్వాలి. మన దేశం 2023 జనవరిలో ఇచ్చింది, చైనా లేఖ మార్చికి గాని అందలేదు. అప్పుడే ఐఎంఎఫ్ బోర్డు ఆమోదిస్తుంది. మార్చి 20న నాలుగేళ్లకు సుమారు 300 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. శ్రీలంకకు అది 17వ ఐఎంఎఫ్ కార్యక్రమం. దేశాల అప్పుల ఒప్పందం 2024 జూన్ 26న కుదిరింది. భారత్, జపాన్, ఫ్రాన్స్ సారథ్యంలోని కమిటీది 580 కోట్ల డాలర్లు, చైనా ఎగ్జిమ్ బ్యాంకుది 420 కోట్లు. ప్రైవేటు బాండుదారులు అందరికంటే చివర వచ్చారు, 2024 డిసెంబరులో.

జనం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ఆగనివ్వలేదు అనాలి. ఐఎంఎఫ్ బోర్డు ఆమోదానికి ముందే విద్యుత్ చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. 8 శాతానికి దించిన వ్యాట్ 12కు, 15కు, 2024 జనవరి 1 నుంచి 18 శాతానికి ఎక్కింది. ఉన్నవాళ్లకు ఇచ్చిన రాయితీని ప్రతి సామాన్య ఇంటి నుంచీ వసూలు చేశారు.

అంతకంటే దారుణం ప్రావిడెంట్ ఫండ్ విషయం. శ్రీలంకలో ఉద్యోగి జీతంలో 8 శాతం, యజమాని వాటాగా 12 శాతం ఆ నిధికి వెళ్తాయి. దుస్తుల ఫ్యాక్టరీల్లోని అమ్మాయిల నుంచి తేయాకు తోటల కూలీల దాకా లక్షలాది మంది వృద్ధాప్యపు ఆసరా అది. 2023 జూలై 1న పార్లమెంటు దేశీయ రుణ పునర్వ్యవస్థీకరణకు, అంటే దేశంలోనే తెచ్చుకున్న అప్పు షరతులు మార్చడానికి, ఆమోదం తెలిపింది. ప్రభుత్వ స్వల్పకాలిక పత్రాలు 20 శాతానికి పైగా వడ్డీ ఇస్తున్న రోజుల్లో, పదవీ విరమణ నిధులు తమ బాండ్లను మొదట 12, తర్వాత 9 శాతం వడ్డీ వచ్చే దీర్ఘకాలిక బాండ్లతో మార్చుకోవాలన్నారు. మార్చుకోకపోతే ఆదాయంపై పన్ను 14కు బదులు 30 శాతం. బ్యాంకులను, ప్రైవేటు పెట్టుబడిదారులను ఇందులోంచి మినహాయించారు. బ్యాంకులు కూలిపోతాయన్నది ప్రభుత్వ వాదన. ఆ భయంలో కొంత నిజముంది. కానీ భారం మొత్తం సమ్మె చేసినా సాధించుకోలేని వాళ్ల పొదుపు మీద వేయడం ఆర్థికశాస్త్రం కాదు, వర్గ నిర్ణయం.

ఇక ప్రైవేటు బాండ్ల సంగతి. ఇవన్నీ న్యూయార్క్ చట్టం కింద రాసినవి. వివాదమొస్తే విచారించేది మన్‌హటన్ కోర్టు, కొలంబో హైకోర్టు కాదు. 75 శాతం బాండుదారులు తమకు రావాల్సిన దాంట్లో కోతకు ఒప్పుకుంటే మిగతా 25 శాతమూ కట్టుబడాలన్న నిబంధన ఉంటుంది. పాత బాండ్లలో ఈ లెక్క ఏ వరుసకు (ఒకే షరతులతో కలిపి అమ్మిన బాండ్లకు) ఆ వరుస విడిగా చూస్తారు. లోపం అక్కడుంది. 2022 జూలైలో గడువు తీరాల్సిన 5.875 శాతం వడ్డీ బాండ్ల వరుస మొత్తం 100 కోట్ల డాలర్లది. అందులో 25 కోట్ల డాలర్లకు పైగా చేతిలో పెట్టుకున్న హామిల్టన్ రిజర్వ్ బ్యాంకు, కరీబియన్ దీవుల దేశం సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ కేంద్రంగా ఉన్న సంస్థ, 2022 జూన్‌లోనే న్యూయార్క్‌లో దావా వేసింది. నాలుగో వంతు దాటి పట్టుకుంటే చాలు, ఆ వరుసలో ఏ కోతనైనా అడ్డుకోవచ్చు. ఇలా కోతకు ఒప్పుకోకుండా కోర్టుకెక్కి మొత్తం రాబట్టుకోవాలని చూసే వాటిని రాబందు నిధులంటారు. అర్జెంటీనా పదిహేనేళ్లు పోరాడి చివరికి 2016లో అలాంటి నాలుగు ప్రధాన నిధులకు సుమారు 465 కోట్ల డాలర్లు కట్టింది. మధ్యలో, 2012లో, దాని నౌకాదళ శిక్షణ నౌకను ఘనాలో పట్టి నిలిపారు కూడా.

మిగతా బాండుదారులు ఒప్పుకున్న కోత అసలులో 27 శాతం. ఐఎంఎఫ్ పెట్టిన లక్ష్యం ప్రకారం 2027 నుంచి 2032 వరకు విదేశీ అప్పు చెల్లింపులు ఏటా జీడీపీలో 4.5 శాతం దాకా ఉండొచ్చు. ప్రభుత్వ ఆదాయం లక్ష్యం జీడీపీలో 15 శాతం. అంటే వచ్చే ప్రతి వంద రూపాయల్లో ముప్పై దాకా విదేశీ వాయిదాలకే పోవచ్చు. దీన్ని ఉపశమనం అనలేం. పైగా కొత్త బాండ్లలో ఒక మెలిక ఉంది. 2025, 2026, 2027 సంవత్సరాల జీడీపీ సగటు, డాలర్లలో, అంచనా దాటితే కోత తగ్గి చెల్లింపు పెరుగుతుంది. రూపాయి బలపడినా డాలర్ లెక్కలో జీడీపీ పెరిగినట్టే కనిపిస్తుంది. నిజ వృద్ధిపై అదనపు పరీక్ష పెట్టారు గానీ, కుప్పకూలిన దేశం లేచి నిలబడటాన్ని కూడా అది వృద్ధిగానే చూస్తుంది.

దీని ప్రమాదం ఉక్రెయిన్‌లో కనబడింది. 2015లో అక్కడి అప్పు సర్దుబాటులో భాగంగా వృద్ధికి ముడిపెట్టిన పత్రాలిచ్చారు. యుద్ధంలో 2022లో సుమారు 29 శాతం పడిపోయిన ఆర్థిక వ్యవస్థ 2023లో 5 శాతానికి పైగా పెరగగానే, బాంబులు పడుతున్న దేశానికి 2025 జూన్‌లో 66.5 కోట్ల డాలర్ల బిల్లు వచ్చింది. కట్టలేకపోయింది.

శ్రీలంక బాండుదారులతో సూత్రప్రాయ ఒప్పందం ప్రకటించింది 2024 సెప్టెంబరు 19న. అధ్యక్ష ఎన్నిక 21న. అప్పటి ప్రభుత్వం ఓడి, అనుర కుమార దిస్సనాయకే గెలిచారు. నవంబరులో పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమికి 225లో 159 సీట్లొచ్చాయి. వామపక్ష ప్రభుత్వం రావడం వల్ల ఎంతో ఆశపడ్డాం. ఐఎంఎఫ్ షరతులను తిరిగి మాట్లాడతామన్న ఆ ప్రభుత్వం, బాండ్ల ఒప్పందాన్ని మాత్రం అక్టోబరులోనే యథాతథంగా ఒప్పుకుంది. మళ్లీ మొదటికి వెళ్తే ఐఎంఎఫ్ వాయిదా ఆగుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అంత మెజారిటీ ఉన్నప్పుడే ప్రావిడెంట్ ఫండ్ నష్టాన్నైనా తిరగదోడి ఉండాల్సింది.

జరగాల్సింది ఏమిటి? బ్రిటన్ 2010లో అతి పేద దేశాల పాత అప్పులపై రాబందు నిధులు కోర్టులో రాబట్టగల మొత్తానికి చట్టంతో హద్దు పెట్టింది. శ్రీలంక లాంటి మధ్యాదాయ దేశాలు అందులో లేవు. న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలో ఇలాంటి బిల్లులు ఏళ్లుగా వస్తూ ఆగిపోతున్నాయి. దేశాలు విదేశాల్లో అమ్మిన బాండ్లలో అత్యధికం ఈ రెండు చోట్ల చట్టాల కిందే ఉన్నాయి కనుక ఆ రెండూ మారితే చాలా మారుతుంది. శ్రీలంక కమిటీలో సహ అధ్యక్ష స్థానంలో కూర్చున్న మన ప్రభుత్వం జీ20లో దీన్ని గట్టిగా అడగాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఏ దేశంలోనైనా తిరుగుబాటు వార్త వేసేటప్పుడు పక్కనే చిన్న పెట్టె కట్టండి: బాండ్ల అప్పెంత, ఏ దేశపు చట్టం కింద ఉంది, తదుపరి వాయిదా ఎప్పుడు, ఐఎంఎఫ్ కార్యక్రమం ఉందా, పింఛను నిధుల్లో ప్రభుత్వ బాండ్లెన్ని. బాండు జారీ పత్రంలో వర్తించే చట్టం గురించిన భాగం, ఆ దేశపు కేంద్ర బ్యాంకు విదేశీ రుణ పట్టిక చూస్తే వీటిలో చాలా వాటికి ఒక పూటలో జవాబు దొరుకుతుంది. శ్రీలంక మూడేళ్ల జీడీపీ లెక్క 2028లో తేలుతుంది. ఎవరికి ఎంత అదనంగా కట్టాల్సి వచ్చిందో ఆ రోజున మొదటి పేజీలో వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ