కుంచం, సోల, తవ్వ బడికి వచ్చాక

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు వార్తాలేఖలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. ఇంట్లో వాడకుండా పక్కన పెట్టిన వస్తువుల్లో పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి పనికొచ్చేవి ఉంటే బడికి పంపమన్నాను. ఇంతమంది పంపుతారని నేను అనుకోలేదు. అందుకే ఈ ఉత్తరమంతా ఆ వస్తువుల గురించే. ఏది ఎవరింటి నుంచి వచ్చిందో మాత్రం రాయను. ఇవ్వలేకపోయిన ఇంటి పిల్లలు చిన్నబుచ్చుకోకూడదు కదా.

ముందు కొలపాత్రల సంగతి చెప్పాలి. ఐదో తరగతి పిల్లవాడి మామ్మ అటక మీద నుంచి దింపి, చింతపండుతో తోమి మరీ పంపారు: కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్దె. అప్పటికి రెండు వారాలుగా భిన్నాలు చెప్తున్నాం. బోర్డు మీద గుండ్రాలు గీసి, ముక్కలు చేసి, రంగులు వేసి చూపించాం. అయినా సగం మంది పిల్లలు 1/4 కంటే 1/16 పెద్దది అనేవాళ్ళు. నాలుగు కంటే పదహారు పెద్ద అంకె కాబట్టి వాళ్ళకు అలా అనిపించడంలో వింత లేదు.

మర్నాడు వరండాలో ఇసుక పోసి ఈ పాత్రలు పిల్లల ముందు పెట్టాం. నాలుగు గిద్దెలు పోస్తే సోల నిండింది. రెండు సోలలకు తవ్వ, రెండు తవ్వలకు మానిక, నాలుగు మానికలకు కుంచం. అంటే మానికలో తవ్వ సగం, సోల పావు, గిద్దె పదహారో వంతు. ఒక పాప గిద్దెను గుప్పిట్లో పెట్టుకుని, మానిక వైపు చూసి, "పదహారో వంతంటే ఇంతేనా టీచర్?" అంది. అప్పటి నుంచి ఆ తరగతిలో 1/16 పెద్దదని ఎవరూ అనలేదు.

అక్కడితో ఆగలేదు. కుంచానికి ఎన్ని గిద్దెలని అడిగితే లెక్క వేసి 64 అన్నారు. పోసి చూస్తామని పట్టుబట్టారు. పోస్తే 57కే కుంచం నిండిపోయింది! లెక్క తప్పా, పాత్ర తప్పా అని పెద్ద వాదన. చివరికి వాళ్ళే పట్టుకున్నారు. గిద్దెను గోపురంలా నింపి పోస్తున్నారు, కుంచాన్ని మాత్రం అంచు దాకానే చూస్తున్నారు. స్కేలుతో గిద్దె అంచు చదును చేసి మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా కదల్లేదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో భిన్నాల పాఠానికి పిల్లలు అన్నం గంట మరిచిపోవడం ఇదే మొదటిసారి.

మూడో తరగతిలో ఇంతకంటే చిన్న వస్తువులతో పని జరిగింది. మీరు పంపిన చీపురు పుల్లల్ని పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఇప్పుడు లెక్కలు ఇంగ్లిషులో కూడా చెప్తున్నాం కదా, థర్టీన్, థర్టీ అనే మాటలు పిల్లల చెవికి ఒకేలా వినిపిస్తాయి. ఒక కట్ట, మూడు పుల్లలు ఒక చేతిలో. మూడు కట్టలు ఇంకో చేతిలో పెడితే తేడా చేతికే తెలిసిపోతుంది. తీసివేతలో పక్క స్థానం నుంచి "అప్పు తెచ్చుకోవడం" అని మనమంతా నేర్చుకున్నాం. ఒక బాబు లేచి, "ఆ అప్పు ఎప్పుడు తీర్చేస్తాం టీచర్?" అని అడిగాడు. ఆ మాటకు నేను ఆలోచనలో పడ్డాను. నిజానికి అక్కడ అప్పేమీ లేదు. పదుల కట్ట ఒకటి విప్పి విడి పుల్లలు చేసుకుంటున్నాం, అంతే. కట్ట విప్పి చూపించాక ఆ బాబుకు సందేహం తీరింది. మూడో తరగతిలో అప్పు అనే మాట మానేసి, కట్ట విప్పడం అంటున్నాం. ఇంట్లో హోంవర్కు చేయించేటప్పుడు మీరూ అలాగే అనండి.

ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో ఒక పూస ఒకటి, పది పూసల కడ్డీ పది, పది కడ్డీలు పక్కపక్కన కడితే వంద పలక, పది పలకలు పేరిస్తే వెయ్యి దిమ్మ. పిల్లలు వెయ్యిని రెండు చేతులతో ఎత్తి బరువు చూస్తారు. ఆ పూసల సామాను కొనాలంటే ఖరీదు. మన బడిలో ఆ పని చీపురు పుల్లలు, చింతపిక్కలు చేస్తున్నాయి.

హైదరాబాదులో తాపీ పనికి వెళ్ళే ఒక నాన్నగారు పండక్కి ఊరొచ్చినప్పుడు పాత మూలమట్టం (మూల సరిచూసేది), రసమట్టం (చదును సరిచూసేది), మీటరు టేపు ఇచ్చారు. ఇచ్చి వెళ్ళిపోతుంటే ఆపి, పిల్లలకు ఎలా వాడాలో చూపించమన్నాను. మొదట మొహమాటపడ్డారు. తర్వాత కబడ్డీ కోర్టు మూల దగ్గర కూర్చుని, ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టారు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిపోయినట్టని చెప్పారు. మన కోర్టు మూల సరిపోలేదు. ఆయనే తాడు పట్టించి, సున్నం గీత మళ్ళీ గీయించారు. లంబకోణం గురించి హైస్కూల్లో ఈ పిల్లలు చదవబోయే సూత్రం ఇదే. ఆ రోజంతా ఆయన కూతురు నా వెనకాలే తిరిగింది, "మా నాన్న మళ్ళీ ఎప్పుడు పాఠం చెప్తారు?" అంటూ.

పొందూరు నుంచి వచ్చిన సామాను చూసి టీచర్లమే ఆశ్చర్యపోయాం. నూలు వడికే ఇంటి నుంచి గింజ తీయని పత్తి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది), నూలు చుట్టుకునే ఒక పాత కదురు, వాటితో పాటు వాలుగ చేప దవడ ఎముక పంపారు. ఆ దవడకున్న సన్నని పళ్ళతోనే అక్కడ పత్తిని దువ్వుతారు. పొందూరు ఖద్దరు మన శ్రీకాకుళం జిల్లాదని పిల్లలు పరీక్షలో రాస్తారు, కానీ ఆ పళ్ళ మీద వేలు పెట్టి చూసినవాళ్ళు ఎంతమంది? పత్తిని దువ్వబోయి అందరూ చిందరవందర చేశారు. అమ్మమ్మలు అంత నున్నగా ఎలా దువ్వుతారని ఇప్పుడు అడుగుతున్నారు. వీలున్న అమ్మమ్మ ఎవరైనా ఒక శనివారం, పిల్లలు పుస్తకాల సంచి తేని నో బ్యాగ్ డే రోజున, వచ్చి చూపిస్తే బాగుంటుంది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్తాను. ఇంతకు ముందు నేను పనిచేసిన ఒక బడిలో మంచి సైన్సు కిట్లు, గ్లోబు, పూసల చట్రాలు అన్నీ బీరువాలో తాళం వేసి ఉండేవి. విరిగిపోతే స్టాకు రిజిస్టరులో ఏం రాయాలన్న భయం. నేనూ ఆ తాళం తీయలేదు. ఐదేళ్ళ తర్వాత చూస్తే అట్టపెట్టెలకు చెద పట్టింది. ఆ ఐదేళ్ళలో మా చేతుల మీదుగా వెళ్ళిపోయిన పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు. కాబట్టి మీరిచ్చిన వస్తువులు ఇక్కడ అరుగుతాయి, సొట్టలు పడతాయి, కొన్ని విరుగుతాయి. జాగ్రత్త నేర్పుతాం, అరిగిందని ఏ పిల్లనూ తిట్టం. తాతల నాటి వస్తువు, పోతే బాధ అనిపించేదైతే దయచేసి ఇంట్లోనే ఉంచుకోండి. ఒకరోజు తెచ్చి చూపించి తీసుకెళ్ళినా చాలు.

గ్రంథాలయం మూలకు వచ్చిన పుస్తకాలు వేరు చేశాం. పాత గైడ్లు, టెస్టు పేపర్లు ఇక పంపకండి. పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు వాక్యాలు, నిండుగా బొమ్మలు ఉన్నవి ఒకటి, రెండు తరగతులకు చాలా తక్కువగా ఉన్నాయి. బీరువాకు బదులు గోడకు తాడు కట్టి, పిల్లల చేతికి అందే ఎత్తులో క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశాం. వెనక్కి తిరిగి ఉంటే పట్టించుకోని పుస్తకాన్ని, అట్ట బొమ్మ కనబడితే పరుగెత్తి తీసుకుంటున్నారు. ఇంటికి తెచ్చినప్పుడు చదివించుకుని వినండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు, "తర్వాత ఏమైంది?" అని అడుగుతూ ఉంటే చాలు.

దానంగా వచ్చిన పుస్తకాలతో ఎంత పెద్ద పని జరుగుతుందో చూడటానికి దూరం వెళ్ళక్కర్లేదు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి వాళ్ళో తమ దగ్గరున్న పాత పత్రికలు, పుస్తకాలు పంపితే నిండిన చోటు అది. సంక్రాంతి లోపు ఐదో తరగతిని అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది. మీరు సరేనంటేనే.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, తరగతికి కావలసిన బోధన సామగ్రి ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. మీరిచ్చేది ఆ బాధ్యతకు బదులు కాదు. కావలసినవి పైవాళ్ళను అడుగుతూనే ఉంటాం. డబ్బు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోం. పెద్ద వస్తువులు ఇవ్వాలనుకునే పూర్వ విద్యార్థులుంటే కేంద్ర ప్రభుత్వ విద్యాంజలి పోర్టల్ ఉంది, ఎలా ఇవ్వాలో ఆఫీసులో చెప్తాం.

పంపకూడనివి కూడా చెప్పక తప్పదు. పలాస వైపు చుట్టాలున్న ఒకరు లెక్కపెట్టుకోవడానికని సంచెడు పచ్చి జీడిపిక్కలు పంపారు. ప్రేమగా పంపారు, కానీ వాటి పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. తిరిగి ఇచ్చేశాం. గురివింద గింజలు, ఆముదం గింజలు విషం, అస్సలు వద్దు. పాదరసం థర్మామీటర్లు, బిళ్ళ బ్యాటరీలున్న బొమ్మలు కూడా వద్దు. ఒకటో తరగతి పిల్లలు చిన్న గింజల్ని ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. చింతపిక్కలు టీచర్ ఎదురుగా ఉన్నప్పుడే ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటున్నాం.

నవంబరు 14న బాలల దినోత్సవంతో పాటు గ్రంథాలయ వారోత్సవాలు మొదలై 20 దాకా జరుగుతాయి. ఆ వారంలో ఏ రోజైనా మూడు గంటల తర్వాత వచ్చి, మీ పిల్లలు ఆ వస్తువులతో ఏం చేస్తున్నారో కూర్చుని చూడండి. పొలం పని ఉన్నవాళ్ళు కోతలయ్యాక వచ్చినా సరే. ఇంకో సహాయం కూడా కావాలి. మొన్న వచ్చిన తక్కెడకు ఒకవైపు గొలుసు తెగింది, వామనగుంటల పీటకు మడత దగ్గర బందు ఊడింది. వడ్రంగి పని తెలిసినవాళ్ళు ఎవరైనా శనివారం ఉదయం ఒక గంట రాగలిగితే, నాలుగో తరగతి పిల్లలు పక్కన కూర్చుని మేకులు అందిస్తారట. వాళ్ళే నన్ను అడగమన్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు