నన్ను మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

ఈ శ్రావణమాసంలో ఒప్పుకున్న జాకెట్లన్నీ నా చేతులతోనే కుట్టి, చెప్పిన రోజుకే ఇచ్చాను. విశాఖపట్నం పెదవాల్తేరులో మా షాపు తెలిసినవాళ్ళకి ఈ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. కిందటి శ్రావణానికి నేను మిషను ముందు పావుగంట కూడా కూర్చోలేకపోయాను. వరలక్ష్మీ వ్రతానికి చీరలు తెచ్చినవాళ్ళని బతిమాలి వెనక్కి పంపాను. అప్పటినుంచి ఇప్పటిదాకా నాకు సాయం చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎదురుగా చెప్పబోతే మాట రావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాలాంటి నొప్పితో బాధపడుతున్న ఇంకొకరికి పనికొస్తుందేమోనని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా నొప్పి మెడ కింద మొదలై రెండు భుజాల మీదుగా రెక్క ఎముక దాకా ఉండేది. పొద్దున లేచేసరికే కండరాలు బిగిసిపోయి ఉండేవి. మధ్యాహ్నానికి తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. రాత్రి ఏ పక్కకి పడుకున్నా నిద్ర లేదు. మాత్రలు, బామ్, కాపడం అన్నీ అయ్యాయి. ఒక చోట ఎక్స్‌రే తీసి, మెడ ఎముకలు అరిగిపోయాయి, కుట్టుపని మానేసి విశ్రాంతి తీసుకోమన్నారు. అరిగిపోయిందనే మాట విన్నాక బిందె ఎత్తాలన్నా భయం, తీగ మీద బట్టలు ఆరేయాలన్నా భయం. విశ్రాంతి పెరిగేకొద్దీ నొప్పి తగ్గలేదు సరికదా, అంతకుముందు చేసుకోగలిగిన పనులు కూడా చేతకాకుండా పోయాయి.

అందరికంటే ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో నన్ను చూసిన ఫిజియోథెరపీ మేడమ్‌గారికి దణ్ణం పెట్టుకోవాలి. బయట అంతమంది వరసలో ఉన్నా, ఆవిడ నన్ను తొందరపెట్టలేదు. చేతుల పట్టు చూశారు. వేళ్ళలో తిమ్మిరి ఉందా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయా, జ్వరం వస్తోందా, కారణం లేకుండా బరువు తగ్గానా, నడుస్తుంటే గుండెలో గానీ ఎడమ చేతిలో గానీ నొప్పి వస్తోందా అని ఒక్కొక్కటే అడిగారు. అవేవీ లేవని తేలాకే వ్యాయామం మాట ఎత్తారు. ఈ నాలుగు మాటలూ ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, అలాంటి లక్షణాలు ఉన్నవాళ్ళు నా పోస్టు చూసి వ్యాయామం చేసే రబ్బరు బ్యాండు కొనుక్కోకూడదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మేడమ్ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అంతకాలం ఉండిపోయాక నరాలు, వెన్నుపాము, మెదడు ఆ నొప్పి విషయంలో అతి సున్నితంగా మారిపోయి, చిన్న కదలికని కూడా పెద్ద నొప్పిగా చూపిస్తాయి. నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో తెగుతోందని కాదు. ఎక్స్‌రేలో కనిపించిన అరుగుదల నా వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఉంటుంది. "నీ మెడ పాడైపోలేదమ్మా, బలం తగ్గింది, భయం పెరిగింది. రెండూ సరిచేసుకోవచ్చు" అన్నారు. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో ఆగి ఐదు కిలోల బియ్యం సంచి నేనే మోసుకొచ్చాను.

నేను అడిగిన ప్రశ్న ఒకటుంది, ఆడవాళ్ళందరం అడిగేదే. రోజంతా పనిచేస్తూనే ఉన్నాం కదా, ఇంకా వేరే వ్యాయామం దేనికి? దానికి ఆవిడ ఇచ్చిన జవాబు నా వృత్తినే నాకు కొత్తగా చూపించింది. కుట్టేటప్పుడు భుజం కండరం పెద్ద బలమేమీ పెట్టదు. కానీ తల వంచి, చేతులు ముందుకు చాపి గంటల తరబడి కొద్దిపాటి బిగింపుతో అలాగే ఉండిపోతుంది. దానికి విడుపూ ఉండదు, బలం పెంచే బరువూ పడదు. అందుకే కుట్టుపనివాళ్ళు, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు పెద్ద బరువులేవీ మోయకపోయినా మెడ, భుజాల నొప్పులతో వస్తారట. ఆ కండరాన్ని కాసేపు పూర్తిగా వదలాలి, ఇంకాసేపు బరువు పెట్టి బలపరచాలి.

మరి కదిలితే నొప్పి వస్తోందే అన్నాను. మామూలు మనిషి వ్యాయామం చేస్తే శరీరం తనే నొప్పిని అణిచే పదార్థాలు వదులుతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. ఎంతోకాలంగా కండరాల నొప్పి ఉన్నవాళ్ళలో కొందరికి ఆ ఏర్పాటు సరిగా పనిచెయ్యదు, మొదట్లో నొప్పి పెరగొచ్చు కూడా. చాలామంది అక్కడే తమకి వ్యాయామం పడదనుకుని వదిలేస్తారు. కొంచెంగా మొదలుపెట్టి, వారాల తరబడి వదలకుండా చేసినవాళ్ళకి మెల్లగా మార్పు తెలుస్తుంది. నాకు ఆవిడ ఇచ్చిన కొలత ఇది: చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు, ఐదు దాకా వచ్చినా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలుకి వచ్చెయ్యాలి. రాకపోతే కొంచెం తగ్గించు, మానెయ్యకు. ఈ మాటని షాపు గోడమీద రాసి పెట్టుకున్నాను.

ఇక మా బీచ్ రోడ్డు వాకింగ్ అక్కలు, వాళ్ళకి పెద్దదిక్కయిన పిన్నిగారు. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు కాబట్టి వుడా పార్కు దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు భయం లేకుండా నడవొచ్చు. నాకు మొదట పది నిమిషాలే. ఇసుకలో కాళ్ళు కూరుకుపోయి శ్రమ పెరుగుతుందని ఫుట్‌పాత్ మీదే నడిపించారు. వాళ్ళంతా నాకంటే చురుగ్గా నడవగలిగినవాళ్ళు, అయినా వంతులవారీగా ఒకరు వెనక నాతో నడిచారు. నేను ఒకరోజు రాకపోతే ఏడు గంటలకల్లా పిన్నిగారి ఫోను. "ఏటమ్మా, నొప్పేటి? అయితే సగం నడుద్దువు గానీ, రా!" ఆ సగం దూరం నడిచిన రోజులే నన్ను నిలబెట్టాయని నా నమ్మకం.

పిన్నిగారికి ఇంకో రెండు విషయాల్లో ప్రత్యేకంగా థాంక్స్ చెప్పాలి. నొప్పి తగ్గిన రోజున మనకి లోకం జయించినట్టు ఉంటుంది, కైలాసగిరి మెట్లు ఎక్కేద్దామనిపిస్తుంది. ఒక్కరోజు అతిగా చేసి వారమంతా మంచం పట్టడం ఈ జబ్బులో మామూలేనట. ఆ సంగతి మేడమ్ చెప్పగా విని, పిన్నిగారు నన్ను కైలాసగిరికి తీసుకెళ్ళనని ఖచ్చితంగా చెప్పేశారు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి కూడా వద్దన్నారు. 32 కిలోమీటర్లు ఇప్పుడే కాదు, ఈ ఏడు మనం అప్పూఘర్ దగ్గర భక్తులకి మజ్జిగ పోద్దాం అన్నారు. నాతోపాటు ఆవిడా నడక మానుకుని నిలబడి మజ్జిగ పోశారు. ఆవిడకి ఆ ప్రదక్షిణంటే ఎంత ఇష్టమో తెలిసినదాన్ని కాబట్టి ఇది నేను మర్చిపోలేను.

నడకతో నిద్ర పట్టింది, టెన్షన్ తగ్గింది, ఆకలి వేసింది. కానీ మిషను మీద కూర్చుంటే భుజం ఇంకా లాగేది. అప్పుడు మేడమ్ రబ్బరు బ్యాండు చేతికిచ్చారు. దాన్ని కాళ్ళ కింద తొక్కిపట్టి, చేతులు రెండు పక్కలకీ భుజం ఎత్తుదాకా లేపాలి. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది, దీని గురించి వెతికి చదివి వినిపించింది. డెన్మార్క్‌లో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, మెడ కండరాల నొప్పి ఉన్న 48 మంది ఉద్యోగినులని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు మెడ, భుజాలకి డంబెల్స్‌తో బలం పెంచే వ్యాయామం, ఇంకో గుంపు సైకిలు తొక్కడం, వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున, 10 వారాలు. మూడో గుంపుకి వ్యాయామమేమీ లేదు. సైకిలు తొక్కినవాళ్ళకి తొక్కిన కాసేపటికి కొద్దిగా తగ్గింది, అంతే. బలం పెంచుకున్నవాళ్ళకి నొప్పి బాగా తగ్గింది, ఆ తగ్గడం నిలిచింది. నా ఒంట్లో జరిగింది అచ్చం అదే. 2011లో అక్కడే 198 మందితో రబ్బరు ట్యూబు వ్యాయామం మీద ఇంకొకటి చేశారట, అందులో రోజుకి రెండు నిమిషాలు చేసినవాళ్ళకి కూడా నొప్పి తగ్గింది. నాకు ధైర్యం ఇచ్చింది ఈ రెండు నిమిషాల మాటే. ఎంత సీజనైనా రెండు నిమిషాలు దొరకవా?

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2021లో ఇచ్చిన సూచనల్లో కూడా, ఇతర జబ్బుతో సంబంధం లేని ఇలాంటి దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం చేయించమనీ, పారాసిటమాల్ లాంటి నొప్పి మాత్రలు కొత్తగా మొదలుపెట్టొద్దనీ ఉందని అమ్మాయి చెప్పింది. అలాగని వాడుతున్న మందులు ఎవరూ సొంతంగా ఆపొద్దు. నేను డాక్టర్ని అడిగే తగ్గించుకున్నాను.

మా ఆయన కటింగ్ బల్ల కాళ్ళ కింద చెక్కలు కొట్టి ఎత్తు పెంచారు, పొద్దున వంట పని ఇప్పటికీ ఆయనదే. షాపులో పనిచేసే చెల్లి అరగంటకోసారి "అక్కా, లే" అని పెడల్ మీంచి నా కాలు తీయించేది. ఎంత అర్జెంటు జాకెట్ చేతిలో ఉన్నా వినేది కాదు. ఆ పిల్లకి నేను పని నేర్పానని అందరూ అంటారు, ఈ ఏడాది నాకు తను నేర్పింది ఎక్కువ. కిందటేడు వెనక్కి పంపినా ఈసారి మళ్ళీ మా గుమ్మమే తొక్కిన ఖాతాదారులకి, మీ నమ్మకానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నొప్పి పూర్తిగా పోయిందా అని అడుగుతున్నారు. లేదు. ఉక్కపోత రోజుల్లో, ఎక్కువసేపు చేతిపని చేసిన రోజుల్లో పలకరిస్తుంది. ఇప్పుడు దాన్ని చూస్తే భయం లేదు, ఏం చెయ్యాలో తెలుసు.

చుట్టుపక్కల కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళు ఎవరైనా మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య షాపుకి రండి. ఆ టైంలో నేనూ చెల్లీ బ్యాండు వ్యాయామం చేస్తాం. మీకోసం రెండు బ్యాండ్లు అదనంగా తెచ్చి పెట్టాను. ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని రండి.