ఉబుంటు వేసుకున్న చిన్నికి

చిన్నీ,

నీ లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నువ్వే ఎక్కించుకున్నావని విని చాలా సంతోషపడ్డాను. థీములు, ఐకాన్లు మార్చడానికి మాత్రం కాస్త ఆగు తల్లీ.

ముందు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) 'సుడో ఆప్ట్ అప్‌డేట్', అది అయ్యాక 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' కొట్టు. మొదటిది కొత్త వెర్షన్ల జాబితా మాత్రమే తెస్తుంది. వాటిని దించి వేసేది రెండోది. చాలామంది మొదటిదానితో ఆగిపోయి, అంతా అయిపోయిందనుకుంటారు. హాస్టల్ వైఫై అందరూ వాడేది కాబట్టి 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' కూడా ఇవ్వు. బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఉబుంటులో దానంతటదే ఆన్ అవదు.

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుకి 'అడిషనల్ డ్రైవర్స్'లో చూపించే డ్రైవరే వేసుకో. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ అవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యేటప్పుడు నీలం తెర వస్తే కంగారుపడకు. 'ఎన్‌రోల్ మాక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి.

విండోస్ కూడా ఉంచుకున్నావు కదా, అందులోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక ఉండొచ్చు. బ్యాటరీ పోయిందని ఎవరైనా చెప్తే నమ్మకు. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అంటే సర్దుకుంటుంది. ఒక హెచ్చరిక చూపిస్తుంది కానీ, మన దేశంలో వేసవికి గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి నీకు ఇబ్బంది రాదు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది టైమ్‌షిఫ్ట్, అంటే సిస్టమ్ నకలు (స్నాప్‌షాట్) తీసి దాచే ప్రోగ్రామ్. అది వేసుకుని, ఇప్పుడే ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టు. అది ఉంటే ఎంత ప్రయోగమైనా ధైర్యంగా చేసుకోవచ్చు, ఏదైనా చెడితే సిస్టమ్‌ని ఈ రోజు ఉన్న స్థితికి తెచ్చుకోవచ్చు. కానీ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని అది ముట్టుకోదు. నీ రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు నేనిచ్చిన హార్డ్ డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకోవాల్సిందే. సుడోతో మొదలయ్యే కమాండ్ ఎక్కడ దొరికినా, అదేం చేస్తుందో 'మ్యాన్' (మాన్యువల్) పేజీలో చదివాకే ఎంటర్ నొక్కు. సుడో అన్నాక సిస్టమ్‌లో ఏ ఫైలునైనా మార్చే అధికారం ఆ కమాండ్‌కి ఇచ్చేసినట్టే.

సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌కి వెళ్లి తెలుగు కూడా చేర్చుకో. సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అమ్మమ్మకి ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టే మెయిల్ చదవడం కష్టంగా ఉంటోంది. ఈసారి తెలుగులో రాయి.

స్నాప్‌షాట్ తీశాక ఒకసారి ఫోన్ చెయ్యి. ఎక్కడైనా ఆగిపోతే, వచ్చిన ఎర్రర్ మెసేజ్ ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
అమ్మ